ఓవర్‌క్లాక్ చేసిన డెస్క్‌టాప్‌కు పవర్ సప్లై ఎంపిక: సమగ్ర మార్గదర్శి

ఓవర్‌క్లాక్ చేసిన (అంటే ప్రాసెసర్‌నో గ్రాఫిక్స్ కార్డునో తయారీదారు నిర్ణయించిన వేగంకంటే ఎక్కువగా నడుపుతున్న) కంప్యూటర్ భారీ ఆట మధ్యలో ఉన్నట్టుండి ఆరిపోతే, చాలామంది ముందు ప్రాసెసర్ వోల్టేజీని అనుమానిస్తారు, తరువాత మెమరీ టైమింగులను, ఆపైన డ్రైవర్లను మారుస్తారు. పవర్ సప్లై వంతు చివరికి వస్తుంది, అప్పుడు కూడా పెట్టెమీద రాసిన వాట్లు సరిపోతాయి కదా అని దాన్ని పక్కన పెట్టేస్తారు. ఆ వాట్ల సంఖ్య నిజమే కావచ్చు. అయితే ఓవర్‌క్లాకింగ్‌కు కావలసిన ముఖ్య గుణాన్ని అది చెప్పదు. లోడు క్షణంలో రెట్టింపై, మరుక్షణంలో సగానికి పడిపోయినా, ప్రాసెసర్‌కూ గ్రాఫిక్స్ కార్డుకూ విద్యుత్తునిచ్చే 12 వోల్టుల లైను కదలకుండా నిలబడడమే ఆ గుణం. ఈ మార్గదర్శిలోని లెక్కలూ పరిశీలనలూ అన్నీ దానిని పట్టుకోవడానికే.

మొదటి మెట్టు: ఓవర్‌క్లాకింగ్ ఎంత విద్యుత్తు తింటుందో తెలుసుకోవడం

ప్రాసెసర్ పని చేసేటప్పుడు ఖర్చయ్యే విద్యుత్తు దాని వేగానికి నేరుగా అనులోమంగా పెరుగుతుంది, వోల్టేజీకి మాత్రం వర్గానుపాతంలో పెరుగుతుంది. అందుకే వేగాన్ని కాస్త పెంచినందుకు ఖర్చు మనం ఊహించినదానికంటే చాలా ఎక్కువగా పెరుగుతుంది. ఒక ప్రాసెసర్ 1.20 వోల్టుల వద్ద 4.5 గిగాహెర్ట్జ్‌తో నడుస్తూ 150 వాట్లు తీసుకుంటోందనుకుందాం. దాన్ని 5.1 గిగాహెర్ట్జ్‌కు చేర్చడానికి 1.35 వోల్టులు అవసరమైతే, వేగం 13 శాతమే పెరిగినా వినియోగం సుమారు 43 శాతం పెరిగి 215 వాట్లకు చేరుతుంది. వేడి పెరిగేకొద్దీ ట్రాన్సిస్టర్ల గుండా జరిగే లీకేజీ కూడా పెరుగుతుంది కాబట్టి అసలు అంకె ఇంకొంచెం ఎక్కువే ఉంటుంది.

ప్రాసెసర్ వివరాలలో కనిపించే టీడీపీ (చల్లబరచడానికి తయారీదారు ఇచ్చే వాట్ల అంచనా) అంకెను ఆధారంగా తీసుకోకూడదు. ఇంటెల్ కోర్ ఐ9-13900కె బేస్ పవర్ 125 వాట్లయితే, గరిష్ఠ టర్బో పవర్ 253 వాట్లు. ఏఎండీ రైజెన్ 9 7950ఎక్స్ టీడీపీ 170 వాట్లయితే, సాకెట్ గుండా అనుమతించే పరిమితి 230 వాట్లు. ఇవి రెండూ ఓవర్‌క్లాక్ చేయని స్థితిలోని అంకెలు. బయాస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల మెనూలో) ఈ పరిమితులను ఎత్తివేస్తే 13900కె 300 వాట్లు దాటడం మామూలే.

లెక్కలో చాలామంది మరిచిపోయే భాగం ఒకటుంది. సాఫ్ట్‌వేర్ చూపించే ప్యాకేజీ పవర్ ప్రాసెసర్ లోపల ఖర్చయ్యేది మాత్రమే. 12 వోల్టులను ప్రాసెసర్‌కు కావలసిన తక్కువ వోల్టేజీకి దించే మదర్‌బోర్డు వీఆర్ఎం తన వంతుగా కొంత వేడిగా పోగొడుతుంది. అది తీసుకున్నదానిలో 90 శాతం అందిస్తుందనుకుంటే, ప్రాసెసర్ 280 వాట్లు వాడుతున్నప్పుడు పవర్ సప్లై పంపవలసినది దాదాపు 311 వాట్లు.

రెండో మెట్టు: మొత్తం లోడును లెక్కగట్టడం

ఇప్పుడు ఒక యంత్రాన్ని పూర్తిగా లెక్కవేద్దాం. ప్రాసెసర్ వైపు పైన చెప్పిన 311 వాట్లు. గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 4080 అనుకుంటే దాని సాధారణ పరిమితి 320 వాట్లు, పవర్ లిమిట్‌ను 110 శాతానికి జరిపితే 352. మదర్‌బోర్డుకు 45, రెండు మెమరీ స్టిక్కులకు 12, రెండు ఎన్‌వీఎంఈ డ్రైవులకు 16, ఆరు ఫ్యాన్లకు 18, లిక్విడ్ కూలర్ పంపుకు 5, యూఎస్‌బీ పరికరాలకు 15 వాట్లు వేసుకుంటే మొత్తం 774 వస్తుంది. పాత తరహా హార్డ్ డిస్కులు ఉంటే ఒక్కొక్కదానికి 10 వాట్ల లోపే అయినా, అవి తిరగడం మొదలుపెట్టే క్షణంలో దానికి రెట్టింపుకు పైగా లాగుతాయన్నది గుర్తుంచుకోవాలి.

ఈ 774 వాట్లు ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ ఒకేసారి పూర్తి లోడులో ఉన్నప్పటి అంకె. ఆటలాడేటప్పుడు ప్రాసెసర్ సాధారణంగా తన పూర్తి సామర్థ్యంలో సగానికి అటూఇటూ మాత్రమే వాడుతుంది. కాబట్టి మీ యంత్రం ఏ పనికి వాడుతున్నారన్నది ఇక్కడే తేల్చుకోవాలి. ఆటలే ప్రధానమైతే ఈ యంత్రానికి నాణ్యమైన 850 వాట్ల పవర్ సప్లై చక్కగా సరిపోతుందని నా అభిప్రాయం. త్రీడీ రెండరింగ్ వంటి పనులలో ప్రాసెసర్‌నూ గ్రాఫిక్స్ కార్డునూ కలిపి గంటల తరబడి నడిపేవారికి 850 వాట్ల యూనిట్ 91 శాతం లోడులో ఉంటుంది, ఆ స్థితి దీర్ఘకాలానికి తగదు. స్థిరమైన గరిష్ఠ లోడు పవర్ సప్లై రేటింగ్ వాట్లలో 80 శాతం దాటకుండా చూసుకోవడం మంచి నియమం. 774ను 0.8తో భాగిస్తే 967 వస్తుంది, అంటే వారు 1000 వాట్లది తీసుకోవాలి.

దీనికి రెట్టింపు తీసుకుంటే ఇంకా మంచిదన్న సలహా తరచూ వినిపిస్తుంది. దాన్ని నేను సమర్థించను. కంప్యూటర్ ఖాళీగా ఉన్నప్పుడు 60, 70 వాట్లే వాడుతుంది. 1600 వాట్ల యూనిట్‌కు అది 5 శాతం లోడు కూడా కాదు, అంత తక్కువ లోడు వద్ద చాలా యూనిట్లలో వృథా బాగా పెరుగుతుంది. అదే డబ్బుతో తక్కువ వాట్ల, మేలైన నిర్మాణం ఉన్న యూనిట్‌ను తీసుకోవచ్చు.

మూడో మెట్టు: క్షణికమైన ఎగుడుదిగుళ్లను తట్టుకునే శక్తి

ఓవర్‌క్లాక్ చేసే వారికి అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. గ్రాఫిక్స్ కార్డుకు 350 వాట్ల పరిమితి పెట్టినప్పుడు అది కొంత కాలవ్యవధిమీద తీసిన సగటు. మిల్లీసెకను కంటే చిన్న వ్యవధిలో అదే కార్డు ఆ పరిమితికి రెండింతలు, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ కూడా లాగగలదు. పీసీఐ ఎక్స్‌ప్రెస్ 5.0 కార్డుల నిర్దేశం 100 మైక్రోసెకన్ల పాటు మూడింతల వరకు వెళ్లడాన్ని అనుమతిస్తుంది. గోడ దగ్గర పెట్టే వాట్ మీటరుగానీ, సాధారణ మల్టీమీటరుగానీ ఈ శిఖరాలను చూడలేవు, పవర్ సప్లైలోని రక్షణ వలయం మాత్రం చూస్తుంది. లాగుతున్న కరెంటు తన హద్దు దాటిందని అది భావించిన క్షణంలో యూనిట్‌ను ఆపేస్తుంది. సగటున 500 వాట్లు వాడే యంత్రం 750 వాట్ల యూనిట్‌తో ఆరిపోవడానికి కారణం చాలాసార్లు ఇదే.

ఈ సమస్యను ఎదుర్కోవడానికే 2022లో ఏటీఎక్స్ 3.0 ప్రమాణం వచ్చింది. దాని ప్రకారం కొత్త పదహారు పిన్నుల గ్రాఫిక్స్ కనెక్టరు ఉండి, 450 వాట్లకు మించిన పవర్ సప్లైలు 100 మైక్రోసెకన్ల పాటు తమ రేటింగ్ వాట్లకు రెండింతల లోడును ఆగిపోకుండా తట్టుకోవాలి. 2023లో వచ్చిన ఏటీఎక్స్ 3.1 గ్రాఫిక్స్ కార్డు కనెక్టరును సవరించింది. కొత్తగా కొనేవారు ఈ రెండింటిలో ఒకదానికి కట్టుబడిన యూనిట్‌నే ఎంచుకోవాలి, వీలైతే 3.1. ఇప్పటికే పాత ప్రమాణపు యూనిట్ ఉండి, అది నాణ్యమైనదైతే, వెంటనే మార్చనవసరం లేదు. పూర్తి లోడులో యంత్రం ఆరిపోతుంటే ముందుగా గ్రాఫిక్స్ కార్డు వోల్టేజీని కొద్దిగా తగ్గించి చూడండి, చాలా కార్డులలో వేగం పెద్దగా పడకుండానే శిఖరాలు గణనీయంగా తగ్గుతాయి.

నాలుగో మెట్టు: యూనిట్ మీది లేబులును చదవడం

ప్రతి పవర్ సప్లైకి పక్కన ఒక పట్టిక అంటించి ఉంటుంది. అందులో మొదట చూడవలసినది మొత్తం వాట్లు కాదు, 12 వోల్టుల గడిలోని ఆంపియర్లు. ప్రాసెసరూ గ్రాఫిక్స్ కార్డూ రెండూ ఆ లైనునుంచే తింటాయి. 12 వోల్టుల దగ్గర 62.5 ఆంపియర్లు అని ఉంటే ఆ లైను 750 వాట్లు ఇవ్వగలదు, 750 వాట్ల యూనిట్‌కు అది నిజాయితీ గల లేబులు. 550 వాట్లని పెద్ద అక్షరాలతో రాసి, 12 వోల్టుల దగ్గర 32 ఆంపియర్లు మాత్రమే చూపిస్తే, ఆధునిక కంప్యూటర్‌కు ఉపయోగపడేది 384 వాట్లే. మిగిలినది 5, 3.3 వోల్టుల లైన్లలో ఉంటుంది, నేటి యంత్రాలు వాటిని చాలా తక్కువగా వాడతాయి. అలాంటి యూనిట్ పాత డిజైన్ అని కూడా దీనివల్ల తెలిసిపోతుంది.

కొన్ని లేబుళ్లలో 12వీ1, 12వీ2 అంటూ 12 వోల్టులను భాగాలుగా చూపిస్తారు. ఒక్కో భాగానికి విడిగా కరెంటు హద్దు ఉందని దాని అర్థం. షార్టు అయినప్పుడు ఒక్క తీగ గుండా ప్రమాదకరమైన కరెంటు పోకుండా ఇది కాపాడుతుంది. ఓవర్‌క్లాకింగ్‌కు ఒకే భాగం ఉన్న యూనిట్లే మేలన్న నమ్మకం ఒకటుంది. భాగాలను సరిగా పంచిన యూనిట్ అయితే ఈ రెండింటిలో దేనితోనూ ఇబ్బంది ఉండదు. ఏ కనెక్టరు ఏ భాగానికి చెందుతుందో చెప్పే పట్టికను తయారీదారు ఇచ్చాడా అన్నది మాత్రం చూసుకోండి.

ఆ వాట్లు ఏ ఉష్ణోగ్రత వద్ద నిర్ధారించినవో కూడా వెతకాలి. 50 డిగ్రీల సెల్సియస్ వద్ద పూర్తి లోడును నిరంతరం ఇవ్వగలనని చెప్పే యూనిట్‌కూ, 25 లేదా 30 డిగ్రీల వద్ద మాత్రమే హామీ ఇచ్చే యూనిట్‌కూ చాలా తేడా ఉంది. ఓవర్‌క్లాక్ చేసిన క్యాబినెట్ లోపలి గాలి చల్లగా ఉండదు.

ఐదో మెట్టు: 80 ప్లస్ గుర్తును దాని పరిధిలో అర్థం చేసుకోవడం

2004లో మొదలైన 80 ప్లస్ కార్యక్రమం పవర్ సప్లై సామర్థ్యాన్ని (గోడనుంచి తీసుకున్న విద్యుత్తులో ఎంత శాతం కంప్యూటర్‌కు అందిస్తుందన్నదాన్ని) మాత్రమే కొలుస్తుంది. 115 వోల్టుల పరీక్షలో బ్రాంజ్ స్థాయికి 20, 50, 100 శాతం లోడుల వద్ద వరుసగా 82, 85, 82 శాతం సామర్థ్యం ఉండాలి. గోల్డ్ స్థాయికి 87, 90, 87. పూర్తి లోడులో 600 వాట్లు ఇస్తున్న యూనిట్ సామర్థ్యం 90 శాతమైతే గోడనుంచి 667 వాట్లు తీసుకుని, 67 వాట్లు వేడిగా వదులుతుంది. 82 శాతమైతే గోడనుంచి తీసుకునేది 732 వాట్లు, వేడి దాదాపు రెట్టింపు. ఆ వేడి యూనిట్ లోపలి భాగాల ఆయుష్షును హరిస్తుంది, ఫ్యాను శబ్దాన్ని పెంచుతుంది. అందుకని గోల్డ్‌తో మొదలుపెట్టమని నా సలహా. అక్కడినుంచి ప్లాటినం, టైటానియం స్థాయిలకు వెళితే వచ్చే లాభం స్వల్పం, రోజంతా పూర్తి లోడులో నడిపేవారికే అది అక్కరకు వస్తుంది.

అయితే ఈ గుర్తు వోల్టేజీ స్థిరత్వాన్నిగానీ, రక్షణ వలయాల పనితీరునుగానీ చెప్పదు, పైగా పరీక్ష 23 డిగ్రీల వద్ద జరుగుతుంది. గోల్డ్ గుర్తు ఉండి కూడా రక్షణలు బలహీనంగా ఉన్న యూనిట్లు ఉండవచ్చు. సైబెనెటిక్స్ సంస్థ సామర్థ్యంతోపాటు శబ్దానికి కూడా విడిగా శ్రేణులు ఇస్తుంది, సవివరమైన కొలతలను ప్రచురిస్తుంది. కొనబోయే మోడల్‌కు అలాంటి నివేదిక ఉంటే గుర్తుకంటే దానికే ఎక్కువ విలువ ఇవ్వాలి.

ఆరో మెట్టు: లోపలి నిర్మాణాన్ని పరిశీలించడం

నివేదికలో వెతకవలసిన అంకెలు రెండు. మొదటిది లోడు మారినప్పుడు 12 వోల్టులు ఎంత కదులుతుందన్నది. ఏటీఎక్స్ ప్రమాణం చిరకాలంగా అనుమతిస్తూ వచ్చినది 5 శాతం, అంటే 11.40 నుంచి 12.60 వోల్టుల వరకు. మేలైన యూనిట్లు ఒక శాతంలోపే ఉంటాయి. రెండోది రిపుల్, అంటే డీసీ విద్యుత్తు మీద మిగిలిపోయిన అలజడి. 12 వోల్టుల లైనులో 120 మిల్లీవోల్టుల వరకు, 5, 3.3 వోల్టుల లైన్లలో 50 మిల్లీవోల్టుల వరకు ప్రమాణం ఒప్పుకుంటుంది. ఓవర్‌క్లాకింగ్ కోసం 12 వోల్టుల రిపుల్ పూర్తి లోడులో 50 మిల్లీవోల్టులు మించనిదాన్ని కోరుకోవాలి. రిపుల్ ఎక్కువైతే మదర్‌బోర్డు, గ్రాఫిక్స్ కార్డులలోని కెపాసిటర్లు దాన్ని వడగట్టడానికి అదనంగా శ్రమించి వేడెక్కుతాయి. స్థిరత్వపు అంచున నడుస్తున్న ప్రాసెసర్‌కు ఇలాంటి చిన్న అలజడే లోపానికి కారణం కావచ్చు.

ఈ అంకెలు బాగుండాలంటే నిర్మాణం బాగుండాలి. ఎల్ఎల్‌సీ రెజొనెంట్ కన్వర్టరూ (తక్కువ నష్టంతో వోల్టేజీని మార్చే రకం), 5, 3.3 వోల్టులకు విడిగా డీసీ-డీసీ కన్వర్టర్లూ ఉన్న యూనిట్లను చూడండి. పాతకాలపు గ్రూప్ రెగ్యులేషన్ డిజైన్లలో 12, 5 వోల్టులను కలిపి నియంత్రిస్తారు. 12 వోల్టుల మీద బరువు బాగా పడి 5 వోల్టుల మీద ఏమీ లేనప్పుడు మొదటిది కిందికి, రెండోది పైకి జరుగుతాయి. ఓవర్‌క్లాక్ చేసిన యంత్రంలో ఉండేది సరిగ్గా అలాంటి అసమానమైన లోడే, కాబట్టి ఆ డిజైన్ జోలికి వెళ్లకూడదు.

కెపాసిటర్లు 105 డిగ్రీలకు రేట్ చేసినవై ఉండాలి. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా దాని ఆయుష్షు సుమారు సగమవుతుందన్నది ఇంజినీర్ల లెక్క. ఈ కారణంగానే 85 డిగ్రీల రకానికీ దీనికీ సంవత్సరాల తేడా వస్తుంది. నిచికాన్, రూబికాన్, నిప్పన్ కెమీ-కాన్ పేర్లు సమీక్షలలో కనిపిస్తే అది మంచి సూచన.

రక్షణల విషయంలో పెట్టెమీద ఓవీపీ, యూవీపీ, ఓపీపీ, ఓసీపీ, ఎస్‌సీపీ (ఎక్కువ వోల్టేజీ, తక్కువ వోల్టేజీ, ఎక్కువ వాట్లు, ఎక్కువ కరెంటు, షార్టు సర్క్యూట్‌ల నుంచి రక్షణలు) అని వరుసగా రాసి ఉన్నా, వేడి మితిమీరినప్పుడు ఆపే ఓటీపీ ఉందో లేదో ప్రత్యేకంగా చూడండి. చవక యూనిట్లలో తరచూ వదిలేసేది దానినే. వారంటీ కాలం కూడా తయారీదారుకు తన యూనిట్ మీద ఎంత నమ్మకముందో చెబుతుంది, పదేళ్ల హామీ ఇచ్చే యూనిట్లు నేడు అరుదు కావు.

ఏడో మెట్టు: కనెక్టర్లు, తీగలు

పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు 75 వాట్లు, ఆరు పిన్నుల కనెక్టరు 75, ఎనిమిది పిన్నుల కనెక్టరు 150 వాట్లు ఇవ్వడానికి నిర్దేశించినవి. ఒకే తీగకు రెండు ఎనిమిది పిన్నుల కొనలు ఉన్నప్పుడు రెండింటినీ ఒకే కార్డుకు పెట్టవచ్చా అన్న ప్రశ్న ఎప్పుడూ వస్తుంది. ఒక కొనకు 150 వాట్లంటే 12.5 ఆంపియర్లు, మూడు తీగల మీద పంచితే ఒక్కోదానికి 4.2. రెండు కొనలూ ఒకే తీగల గుండా తింటే ఒక్కో తీగకు 8.3 ఆంపియర్లు. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి అది నాలుగింతలవుతుంది. ఓవర్‌క్లాక్ చేసిన కార్డుకు ప్రతి కనెక్టరుకూ పవర్ సప్లై నుంచి విడి తీగ వేయడం తప్పనిసరి.

ప్రాసెసర్ వైపు కూడా లెక్క ఇదే. 311 వాట్లంటే 26 ఆంపియర్లు. ఒక్క ఎనిమిది పిన్నుల ఈపీఎస్ కనెక్టరులోని నాలుగు తీగలకు తలా 6.5 ఆంపియర్లు, రెండు కనెక్టర్లు పెడితే తలా 3.25. మదర్‌బోర్డు మీద రెండు సాకెట్లుంటే రెండింటినీ నింపండి, పవర్ సప్లై రెండు ఈపీఎస్ తీగలు ఇస్తోందో లేదో కొనేముందే చూసుకోండి.

పదహారు పిన్నుల కొత్త కనెక్టరు 600 వాట్ల వరకు ఇస్తుంది. అంటే ఆరు పిన్నుల గుండా 50 ఆంపియర్లు, ఒక్కో పిన్నుకు 8.3. పిన్నులు చిన్నవి, కరెంటు పెద్దది, కాబట్టి కనెక్టరు పూర్తిగా లోపలికి దిగకపోతే అక్కడ వేడి పుట్టి ప్లాస్టిక్ కరిగే ప్రమాదముంది. 2022 చివరలో ఆర్‌టీఎక్స్ 4090 కార్డుల విషయంలో ఇలాంటి ఘటనలు వెలుగుచూశాయి. తరువాత వచ్చిన 12వీ-2×6 రూపంలో గుర్తింపు పిన్నులను పొట్టిగా చేశారు, సరిగా దిగకపోతే కార్డు పనిచేయకుండా ఉండడానికి. కనెక్టరు అంచుకూ సాకెట్‌కూ మధ్య సందు కనబడకుండా నొక్కండి, కనెక్టరు దగ్గరినుంచి మూడున్నర సెంటీమీటర్ల వరకు తీగను వంచకండి.

యూపీఎస్ వాడేవారు గోడ వైపు లోడును దాని వీఏ (వోల్ట్-ఆంపియర్) అంకెతో కాక వాట్లతో పోల్చుకోవాలి. యాక్టివ్ పీఎఫ్‌సీ (గోడనుంచి తీసుకునే కరెంటును వోల్టేజీ తరంగానికి అనుగుణంగా సరిదిద్దే వలయం) ఉన్న పవర్ సప్లైలు కొన్ని, మెట్లు మెట్లుగా తరంగాన్నిచ్చే యూపీఎస్ బ్యాటరీకి మారే క్షణంలో ఆగిపోతాయి. శుద్ధ సైన్ తరంగాన్నిచ్చేది సురక్షితం.

ఎనిమిదో మెట్టు: బిగించిన తరువాత పరీక్షించడం

మొదట ఓవర్‌క్లాక్ లేకుండా, తరువాత ఓవర్‌క్లాక్‌తో, ప్రాసెసర్‌నూ గ్రాఫిక్స్ కార్డునూ కలిపి లోడు చేసే ఓసీసీటీ అనే ప్రోగ్రాములోని పవర్ పరీక్షను నడపండి. వోల్టేజీ కోసం సాఫ్ట్‌వేర్ చూపే అంకెను నమ్మకండి, మదర్‌బోర్డు సెన్సర్లు తరచూ తప్పు చెబుతాయి. ఖాళీగా ఉన్న నాలుగు పిన్నుల మోలెక్స్ కొనలో పసుపు తీగకూ నల్ల తీగకూ మల్టీమీటరు ముళ్లు పెట్టి 12 వోల్టులను కొలవండి. ముళ్లు ఒకదానికొకటి తగలకుండా చూసుకోవడం ముఖ్యం. ఖాళీ స్థితిలో 12.08, పూర్తి లోడులో 12.01 వస్తే ఆ యూనిట్ నిబ్బరంగా ఉన్నట్టే. 11.6కు జారుతుంటే ప్రమాణంలోనే ఉన్నా, ఓవర్‌క్లాకింగ్‌కు అది పనికిరాదు. మోలెక్స్ దగ్గర బాగుండి, ఈపీఎస్ కనెక్టరు వెనుక కొలిస్తే బాగా తగ్గితే, లోపం యూనిట్‌లో కాక తీగలోనో, కనెక్టరు బిగింపులోనో ఉందని తెలుస్తుంది.

యంత్రం ఆరిపోతే విండోస్ నమోదుచేసే కెర్నల్-పవర్ 41 అనే లోపపు నమోదును చూసి పవర్ సప్లైని నిందించకండి. యంత్రం సరిగా షట్‌డౌన్ కాలేదన్న సంగతినే అది చెబుతుంది, కారణాన్ని కాదు. నీలి తెర కనబడినా, బొమ్మ గడ్డకట్టుకుపోయినా, డబ్ల్యూహెచ్ఈఏ దోషాలు (విండోస్ గుర్తించే హార్డ్‌వేర్ లోపాలు) నమోదైనా ప్రాసెసర్ లేదా మెమరీ సెట్టింగులను ముందు అనుమానించాలి. ఏ హెచ్చరికా లేకుండా ఒక్కసారిగా ఆరిపోయి, పవర్ సప్లై వెనుక స్విచ్చును ఆపి కొన్ని సెకన్ల తరువాత వేస్తేగాని లేవకపోతే, రక్షణ వలయం పనిచేసిందని భావించవచ్చు.

పాత యూనిట్‌ను తీసి కొత్తది పెట్టేటప్పుడు పాత మాడ్యులర్ (యూనిట్ నుంచి విడదీయగల) తీగలను క్యాబినెట్‌లోనే వదిలేసి యూనిట్ మాత్రం మార్చడం సులువనిపిస్తుంది. పవర్ సప్లై వైపు పిన్నుల అమరికకు ఏ ప్రమాణమూ లేదు, ఒకే తయారీదారు రెండు శ్రేణుల మధ్య కూడా అది మారవచ్చు. తప్పు తీగ కూడా సరిగ్గానే బిగుసుకుని, 5 వోల్టులు ఉండవలసిన చోట 12 వోల్టులు పంపి, డ్రైవులను మొదటి క్షణంలోనే కాల్చేయగలదు. పాత తీగలన్నీ తీసి, కొత్త యూనిట్‌తో వచ్చినవే వేయండి. తీసిన వాటిని పాత యూనిట్‌తో కలిపి కట్టి, మోడల్ పేరు రాసి ఉంచండి.